ఫోన్ ఉండగా ఫ్యామిలీ ఫోటోకి స్టూడియోవాళ్ళని పిలవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నానమ్మగారికి 83 నిండాయి. ఈ సంక్రాంతికి చాలా ఏళ్ళ తర్వాత అందరూ గుణుపురం ఇంట్లో కలుస్తున్నారు, సూరత్ వాళ్ళతో కలిపి పదిహేడు మంది. ఊళ్ళో స్టూడియో అతను ఇంటికొచ్చి తీసి, పెద్ద ఫ్రేమ్ కట్టించి ఇవ్వడానికి తొమ్మిది వేలు అడిగాడు. తమ్ముడి దగ్గర కొత్త ఫోన్ ఉంది కదా, డబ్బు దండగ అని మీ బావగారు అంటున్నారు. పిలవాలా, వద్దా?

పిలవండి. మిగతా పండగలన్నిటికీ ఫోన్ చాలు, ఈ ఒక్కదానికి పిలవండి. మీ తమ్ముడి ఫోన్ మంచిది కాదని నేను అనడం లేదు, ఆ తొమ్మిది వేలు కెమెరాకి కూడా కాదు. మీ ఇంటి మనిషి కాని ఒక మనిషి వచ్చి, మీ పదిహేడు మందినీ ఒకచోట నిలబెట్టి, ఎవరూ తప్పిపోకుండా చూసి, దాన్ని గోడకి తగిలించే వస్తువుగా మీ చేతికి ఇవ్వడానికి ఆ డబ్బు. మీకు చెప్పిన స్టూడియో ఎవరిదో నాకు తెలియదు, నాది పర్లాకిమిడి. మా నాన్నగారు 1971లో స్టూడియో పెట్టారు, 1990 నుంచి నేను చూసుకుంటున్నాను. అందులో నేర్చుకున్నదే చెప్తున్నాను, కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

మనకి ఫోటో తీయడం, ఫోటో దిగడం అని రెండు మాటలున్నాయి కదా. ఇంట్లో ఎప్పుడూ ఎవరు తీస్తారో వాళ్ళు దిగరు. మీ ఫోన్ ఇప్పుడే తెరిచి చూడండి, తమ్ముడు ఎన్ని ఫోటోల్లో ఉన్నాడో. ఉన్నా సెల్ఫీలో సగం మొహం, చెయ్యి చాచి. తీసేవాళ్ళ తర్వాత అసలు కనపడనివాళ్ళు వంటింట్లో ఉండేవాళ్ళు. అందరూ కూర్చున్నాక వడ్డించేవాళ్ళు, "నాకేటికి బాబూ ఈ ఫోటోలు, మీరు దిగండి" అని పక్కకి జరిగిపోయే పెద్దవాళ్ళు.

ఇది ఎంత దూరం వెళ్తుందో నాకు ఒక రాత్రి బాగా తెలిసింది. 2016 వానాకాలం, షాపు కట్టేసే వేళకి కాశీనగర్ వైపు నుంచి ఒకాయన తడుస్తూ వచ్చారు. అమ్మ పోయారు, కర్మ దగ్గర పెట్టడానికి ఫోటో కావాలి. ఫోన్ నా చేతికిచ్చారు, అందులో నాలుగు వేల పైచిలుకు ఫోటోలున్నాయి. ఇద్దరం కూర్చుని మొత్తం వెతికాం. ఆవిడ పదకొండింట్లో ఉన్నారు. ఒకదాంట్లో తలుపు పరదా వెనక సగం, ఒకదాంట్లో వంగి పప్పు వడ్డిస్తూ నడినెత్తి మాత్రమే, రెండిట్లో వీపు, ఒకదాంట్లో మనవడి పుట్టినరోజు కేక్ వెనక కదిలిపోయిన మొహం. చివరికి ఓటరు కార్డు మీద బొటనవేలి గోరంత ఉన్న ఫోటోనే స్కాన్ చేసి పెద్దది చేశాను. ఎడమ చెవి నలుపులో కలిసిపోయింది, కళ్ళు రెండు చుక్కలు. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని చేయగలిగినంత చేశాను. ఆయన చూసి, "మా అమ్మ ఇలా ఉండదండీ" అన్నారు, డబ్బులిచ్చి తీసుకెళ్ళారు. పేదిల్లు కాదు, ఇంట్లో మూడు మంచి ఫోన్లున్నాయి. ఇలాంటి పని నాకు నెలకి రెండు మూడైనా వస్తుంది, చేసినప్పుడల్లా బాధగానే ఉంటుంది.

సరే, పిలిచిన మనిషి చేసేదేంటి? బటన్ నొక్కడానికి పట్టేది క్షణం. నిలబెట్టడానికి నాకు నలభై నిమిషాలు పడుతుంది. పొడుగువాళ్ళు వెనక, పొట్టివాళ్ళు ముందు అనేది స్కూలు గ్రూప్ ఫోటో లెక్క, ఇంటి ఫోటోకి అది సరిపోదు. ఎవరు ఎవరికి ఏమవుతారో ముందు తెలుసుకోవాలి. నేను వెళ్ళగానే కెమెరా బయటికి తీయను. టీ తాగుతూ ఈ అబ్బాయి ఎవరి అబ్బాయి, ఆ అత్తగారిది ఏ ఊరు అని అడుగుతూ ఉంటాను. ఆ పది నిమిషాల్లో ఎవరి పక్కన ఎవరు సుఖంగా ఉంటారో, ఎవరు మాట్లాడుకోవడం లేదో తెలిసిపోతుంది.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్ళలో ఇది ఇంకా ముఖ్యం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, ఏటి అవతల పాతపట్నం అటు ఉండిపోయింది, కానీ పెళ్లిళ్ళు ఏ గీతా చూడలేదు. ఒకే ఇంట్లో తెలుగు అత్తగారు, ఒడియా కోడలు ఉంటారు. ఒకసారి ఒక పెద్ద కుటుంబాన్ని తీస్తూ ఎత్తులు బాగా కుదిరాయని ఒడియా కోడలిని ఆమె బావగారి పక్కన నిలబెట్టాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, కొంగు ముందుకి లాక్కుని భుజాలు దగ్గరకి ముడుచుకుపోయింది. నాలుగు ఫ్రేములు తీశాక వాళ్ళ అత్తగారు నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పారు, వాళ్ళలో భర్త అన్నగారిని దెఢశుర అంటారు, ఎదురుగా నిలబడి మాట్లాడ్డం కూడా ఉండదు, పక్కన ఆనుకుని ఎలా నిలబడుతుంది బాబూ అని. వెంటనే ఆమెని ఆడబిడ్డ పక్కకి మార్చాను. మొహం ఎలా మారిపోయిందో ఆ రెండు ఫ్రేములు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అప్పటి నుంచి ప్రతి ఇంట్లోనూ ముందే అడుగుతాను. తలమీద కొంగు ఉంచుకుంటానంటే ఉంచమంటాను, జుట్టు మీద పడే నీడ సంగతి లైటుతో నేను చూసుకుంటాను.

ముగ్గురు కలిసి దిగకూడదు అనేవాళ్ళు చాలా ఇళ్ళలో ఉన్నారు. వాళ్ళతో నేను వాదించను. నాలుగో మనిషిగా ఒక పిల్లనో పిల్లాడినో ఒళ్ళో కూర్చోబెడితే సరిపోతుంది, ఫోటో కూడా బాగుంటుంది. భూమి తగాదాతో రెండేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములని తీసిన ఇల్లు కూడా ఉంది. నవ్వమని అడగలేదు, భుజం మీద చెయ్యి వెయ్యమనలేదు. తల్లిని మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరినీ ఆవిడ కుర్చీకి చెరో వైపు నిలబెట్టాను, చెరో చెయ్యీ కుర్చీ వీపు మీద. ఇద్దరి మొహాల్లోనూ బిగువు అలాగే ఉంది. ఆవిడ మాత్రం ఆ ఫోటోని నిద్రలేవగానే కనపడేట్టు మంచానికి ఎదురుగా పెట్టించుకున్నారు. ఇంట్లోవాళ్ళే ఫోన్‌తో తీసుంటే ఆ ఇద్దరూ ఒక ఫ్రేములోకి వచ్చేవాళ్ళే కాదు. బయటివాడిని, నేను పిలిచాను కాబట్టి వచ్చారు.

మీ నానమ్మగారి సంగతి విడిగా చెప్తాను, ఎందుకంటే ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. సోఫాలో కూర్చోబెట్టకండి. లోపలికి కుంగిపోతారు, మోకాళ్ళు పైకొచ్చి మెడ కనపడదు. గట్టి చెక్క కుర్చీ, వీపు వెనక దిండు, కొంచెం ముందుకి జరిగి కూర్చోవాలి. పాదాలు నేలకి అందకపోతే కింద పీట వెయ్యండి, చీర కుచ్చిళ్ళు పీట మీద పడితే అది కనపడదు. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే ఏ మనిషీ నెమ్మదిగా కూర్చోలేరు, ఆ ఇబ్బంది మొహంలోకి వచ్చేస్తుంది. రోజూ పెట్టుకునే కళ్ళజోడు అయితే తీయించకండి. అద్దం మీద లైటు మెరిస్తే జోడు కాడల్ని చెవుల దగ్గర కొద్దిగా పైకెత్తితే అద్దం కిందికి వాలుతుంది, మెరుపు పోతుంది. చేతులు ఒళ్ళో, గాజులు కనపడేట్టు. నవ్వమని ఆవిడకి చెప్పొద్దు. "మామ్మగారూ, వీళ్ళల్లో మీ చేత ఎక్కువ దెబ్బలు తిన్నదెవరు" అని నేను అడుగుతాను. ఆవిడ ఆ మనిషి కోసం తల తిప్పుతారు, వెనకాల పదహారు మందీ ఒక్కసారి గొల్లుమంటారు, ఆవిడ మళ్ళీ నావైపు చూసే క్షణం కోసం నేను బటన్ మీద వేలుంచి కాచుకుని ఉంటాను.

ఇక పని సంగతులు. మీ తమ్ముడికీ పనికొస్తాయి.

దూరం. ఫోన్ మామూలు లెన్స్ వెడల్పుగా చూస్తుంది, అందుకని అందరూ దగ్గరగా నిలబడి తీసేస్తారు. దగ్గర్నుంచి తీస్తే ముందున్నది పెద్దగా, వెనకున్నది చిన్నగా పడుతుంది: ముక్కు పెరుగుతుంది, చెవులు వెనక్కి పోతాయి, గ్రూపులో అయితే రెండు చివర్లా ఉన్నవాళ్ళు అడ్డంగా సాగిపోతారు. సూరత్ కోడలు చివర్లో నిలబడి జీవితాంతం ఆ ఫోటో చూసి తను లావుగా ఉన్నాననుకుంటే పాపం మనదే. నాలుగైదు మీటర్లు వెనక్కి వెళ్ళాలి, చివర్ల కొంచెం ఖాళీ వదలాలి. కెమెరా ఎత్తు కూర్చున్నవాళ్ళ కళ్ళకీ నిలబడ్డవాళ్ళ కళ్ళకీ మధ్యలో ఉండాలి.

లోతు. మూడు వరసలు నిలబెడితే ముందు మోకాలి నుంచి వెనక తల దాకా ఒకటిన్నర, రెండు మీటర్లు అవుతుంది. ఈమధ్య కుర్రాళ్ళు వెనకంతా మసగ్గా రావాలని లెన్స్ బాగా తెరిచి తీస్తారు. 50 ఎంఎం లెన్స్‌తో ఎఫ్/2.8లో నాలుగు మీటర్ల దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చేది దాదాపు ఒక మీటరు లోతే, వెనక వరస పోయినట్టే. గ్రూప్‌కి నేను ఎఫ్/8 దగ్గర ఉంటాను, ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్స్ తక్కువ తెరుచుకుంటుంది, స్పష్టంగా వచ్చే లోతు పెరుగుతుంది. ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ అసలు వాడకండి, అది లెక్కగట్టి చేసే మసక, జుట్టు అంచులూ చెవులూ ఎక్కడో ఒకచోట కోసేస్తుంది.

వెలుతురు. లైటు దగ్గరగా పెడితే ముందువాళ్ళు తెల్లగా, వెనకవాళ్ళు చీకట్లో. దూరం రెండింతలైతే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. లైటు ముందు వరసకి రెండు మీటర్లలో, వెనక వరసకి మూడు మీటర్లలో ఉందనుకోండి, వెనకవాళ్ళకి అందేది సగం కంటే తక్కువ. అందుకే నేను గొడుగు లైట్లని బాగా వెనక్కి, బాగా ఎత్తులో పెడతాను. ఇంట్లో ట్యూబ్‌లైట్లు ఆర్పించేస్తాను, కిటికీ వెలుతురూ ట్యూబ్‌లైటూ కలిస్తే ఒక చెంప పచ్చగా, ఒక చెంప నీలంగా ఉంటుంది, దాన్ని తర్వాత దిద్దడం నరకం.

తెల్ల పంచెలు, చామనచాయ మొహాలు. కెమెరా ఏది చూసినా సగటు బూడిద రంగు అనుకుని వెలుతురు లెక్కగడుతుంది. ముందు వరసలో నలుగురు తెల్ల పంచెల్లో కూర్చుంటే, అబ్బో చాలా వెలుతురు అనుకుని మొత్తం తగ్గించేస్తుంది, మన మొహాలు మసిబారతాయి. మొహం మీద కొలిచి తీయాలి. బరంపురం పట్టు జరీ కూడా అంతే, ఫ్లాష్ తిన్నగా తగిలితే అంచు మొత్తం తెల్లటి గీత అయిపోతుంది, ఆ కుంభం డిజైన్ కోసం పెట్టిన డబ్బంతా కనపడకుండా పోతుంది. లైటు పక్కనుంచి పడాలి.

కళ్ళు. ఎన్ని తీస్తే ఒక్కదాంట్లోనైనా ఎవరూ కళ్ళు మూయకుండా వస్తుందో ఆస్ట్రేలియాలో ఇద్దరు లెక్కగట్టారు, 2006లో వాళ్ళకి ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి అది. ఇరవై మందిలోపు అయితే మంచి వెలుతురులో మనుషుల సంఖ్యని మూడుతో భాగించండి, వెలుతురు తక్కువైతే రెండుతో. పదిహేడు మందికి ఆరు, లేదా తొమ్మిది. నేను ముప్పై దాకా తీస్తాను, ఎందుకంటే కళ్ళు తెరుచుకుంటే చాలదు, పసిపిల్ల ఏడుపు ఆపాలి, పెద్దాయన దగ్గు ఆపాలి, ఎవరో ఒకరు ఫోన్ చూడ్డం ఆపాలి.

మా నాన్నగారి రోజుల్లో ముప్పై తీయడం అనే మాటే లేదు. 120 ఫిల్ము రోలులో పన్నెండు ఫ్రేములు, ఊటీలో తయారైన ఇందు ఫిల్ము, ఒక కుటుంబానికి రెండు ఫ్రేములు, మూడోది అడిగితే ఆలోచించేవారు. ఆయన రాత్రిళ్ళు నెగటివ్‌ని వెలుగు మీద పెట్టి, గరుకు కాగితం మీద సూదిమొనలా చెక్కిన పెన్సిల్‌తో కళ్ళకింద నలుపు మీద చుక్కలు పెట్టేవారు. నెగటివ్ మీద పెన్సిల్ పడినచోట ప్రింటులో తెలుపొస్తుంది, అలసట తగ్గినట్టు కనపడుతుంది. చుక్క పెట్టడం, ఊపిరి బిగపట్టి అద్దంలోంచి చూడడం, మళ్ళీ చుక్క. ఒక్కో మొహానికి అరగంట. కానీ పుట్టుమచ్చని ముట్టుకునేవారు కాదు, మశూచి మచ్చల్ని ముట్టుకునేవారు కాదు. "గుర్తు చెరిపేస్తే ఆ మనిషి కాదు రా" అనేవారు. నేను ఇప్పుడు కంప్యూటర్ మీద చేసినా ఆ నియమమే పాటిస్తాను.

ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, మీరు స్టూడియో అతన్ని పిలిచేముందు మొదట అడగాల్సింది ఇదే: మొహాలు తెల్లగా చేస్తావా, ముడతలు తీసేస్తావా? ఈ రోగం మన వైపు బాగా ఉంది. నానమ్మ చామనచాయ అయితే పాలలా చేసి ఇస్తారు, బుగ్గలు మైనంలా నున్నగా. వద్దని గట్టిగా చెప్పండి. ఫోన్లు కూడా అడక్కుండానే ఇదే పని చేస్తాయి. వెలుతురు తక్కువైన గదిలో తీస్తే ఫోటోలో ఇసక చల్లినట్టు వచ్చే చుక్కల్ని తీసేసే పేరుతో చర్మం మీది గీతలన్నీ తుడిచేస్తాయి. 83 ఏళ్ళ మొహంలో ఆ గీతలు పోయాక ఇంకేం మిగులుతుంది చెప్పండి. ఇంకా రెండు అడగండి: ఒరిజినల్ ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఇస్తాడా, ప్రింట్ అసలైన ఫోటో పేపర్ మీదేనా. వెనక సీనరీ మార్చేస్తాను, స్విట్జర్లాండ్ పెడతాను అంటే వద్దనండి. మీ గుణుపురం ఇంటి గుమ్మం, ఆ అరుగు, ఆ రోజు వేసిన ముగ్గు, ఇవే ఇరవై ఏళ్ళ తర్వాత మీ పిల్లలు వేలుపెట్టి చూపించేవి. ఈ మూడింటికీ సరైన జవాబు రాకపోతే తొమ్మిది వేలు ఇవ్వకండి, వేరే మనిషిని చూడండి. దొరక్కపోతే ఫోనే నయం.

ఇప్పుడు ప్రింటు. చాలామంది దీన్ని అదనపు ఖర్చు అనుకుంటారు, నా లెక్కలో అదే అసలు పని. 2009లో నా హార్డ్ డిస్క్ పోయింది. మూడేళ్ళ ఫోటోలు. కాపీ తీయాలని అనుకుంటూనే ఉన్నాను, తీయలేదు, తప్పు నాదే. భువనేశ్వర్ దాకా తీసుకెళ్ళాను, ఏమీ రాలేదు. తర్వాత రెండేళ్ళపాటు జనం వస్తూనే ఉన్నారు, అన్నా మా నాన్న ఫోటో, అన్నా మా చెల్లి పెళ్లి అని. ప్రింట్లు వేయించుకున్నవాళ్ళ దగ్గర ఉన్నాయి, "తర్వాత వేయించుకుంటాం" అన్నవాళ్ళకి లేవు. వాళ్ళకి డబ్బు వెనక్కి ఇచ్చాను, కానీ అది ఇచ్చేస్తే తీరేది కాదు. అదే షాపులో మా నాన్నగారు 1970లలో తీసిన నెగటివ్‌లు రేకు పెట్టెలో కాగితం కవర్లలో ఉన్నాయి, ఇవాళ అడిగినా తీసి ప్రింట్ వేస్తాను. అప్పటి నుంచి రెండు డిస్కులు, రెండు వేర్వేరు ఇళ్ళలో, పైగా ప్రింట్ లేకుండా ఫ్యామిలీ ఫోటో పనే ఒప్పుకోను.

మీ ఇంటికి 12x18 అంగుళాల సైజు చాలు. బాగా స్పష్టంగా రావాలంటే అంగుళానికి 300 చుక్కలు, అంటే 3600x5400, దాదాపు 19 మెగాపిక్సెల్స్. 12 మెగాపిక్సెల్స్ ఫోన్ ఫోటో అయినా ఆ సైజులో గోడమీద చూడ్డానికి బాగానే ఉంటుంది, ఆ మాట దాచను. కానీ వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో తెచ్చి పెద్దది చెయ్యమంటే రాదు, అది దారిలోనే చిక్కిపోతుంది. పంపాల్సివస్తే డాక్యుమెంట్‌గా పంపండి. ఫ్రేములో ఫోటో అద్దానికి అంటుకోకుండా మధ్యలో అట్ట అంచు పెట్టించండి, మన తేమకి రెండు వానాకాలాల్లో అద్దానికి అతుక్కుపోతుంది. ఎండ తిన్నగా పడే గోడ వద్దు. పాత కలర్ ఫోటోలు ఎర్రబడిపోయి ఉంటాయి చూడండి, అది ఎండ వల్ల మాత్రమే కాదు, ఆ కాలం పేపర్లలో నీలం రంగు చీకట్లో ఉన్నా వెలిసిపోయేది. అలాంటివి మీ ఇంట్లో ఉంటే ఇప్పుడే స్కాన్ చేయించుకోండి, అవి నలుపు తెలుపు ఫోటోలంత ఓర్చుకోవు.

తడిసిన ఆల్బమ్‌ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక మా గజపతి జిల్లా ఎలా మునిగిందో మీకు తెలుసు. ఆ వారం నా షాపు ముందు ఫోటోల సంచులతో మనుషులు వచ్చారు. ఇంట్లో బియ్యం పోయాయి, మంచాలు పోయాయి, చేతిలో మాత్రం బురద కారుతున్న ఆల్బమ్. సగంమంది ఎండలో పెట్టి తెచ్చారు, అవి ఇటుకలా అతుక్కుపోయాయి, లాగితే మొహాలు ఊడొచ్చాయి. తడిగానే తెచ్చినవాళ్ళవి చాలావరకు నిలిచాయి. ల్యాబ్‌లో కడిగిన ఫోటోలు తడిస్తే ఆరనివ్వకండి. శుభ్రమైన చన్నీళ్ళ తొట్టిలో ముంచి, వాటంతట అవి విడేదాకా ఆగి, బొమ్మ వైపు వేలు తగలకుండా అంచులు పట్టుకుని తీసి, నీడలో బొమ్మ పైకి ఉండేట్టు గుడ్డమీద పరవాలి. వెంటనే చేయలేకపోతే కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచినా చెడిపోవడం ఆగుతుంది. అద్దానికి అంటుకున్నవి మాత్రం పీకొద్దు, అద్దంతో సహా స్కాన్ చేయించాలి. ఇంట్లో ప్రింటర్ మీద వేసుకున్నవి నీళ్ళలో ముంచొద్దు, రంగు కారిపోతుంది.

ఆ వారం వెలుగులో పెట్టి చూసిన ఫోటోల్లో చాలావాటి వెనక ఏమీ రాసి లేదు. తాతగారు ఎవరో తెచ్చినాయనకే తెలియదు, చెప్పగలిగినవాళ్ళు లేరు. కాబట్టి వెనక పేర్లు రాయండి, వరసల వారీగా, ఎడమ నుంచి కుడికి, తేదీతో సహా. తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి. మీ నానమ్మగారు తెలుగే చదవగలరేమో, మీ పిల్లలు ఒడియా మీడియంలోనో ఇంగ్లీషులోనో చదువుతుంటారు, తెలుగు మాట్లాడతారు గానీ అక్షరం రాదు, మన వైపు ఇది ప్రతి ఇంటి సంగతే. ఇప్పటి ఫోటో పేపర్ వెనక ప్లాస్టిక్ పూత ఉంటుంది, పెన్సిల్ పట్టదు, బాల్ పెన్ నొక్కితే ముందువైపు గీత పడుతుంది. విడి కాగితం మీద రాసి ఫ్రేము వెనక అట్టకి అంటించడం మేలు. ఆ కాగితం రాయించేటప్పుడు నానమ్మగారి పక్కన కూర్చోండి, మీకు తెలియని వరసలు ఆవిడే చెప్తారు.

డబ్బు మాట. తొమ్మిది వేలు ఎక్కువా తక్కువా అంటే, నేను పర్లాకిమిడిలో ఆరున్నర తీసుకుంటాను, ఫ్రేముతో. పండగ రోజు, ఇంటికొచ్చి, ఇద్దరు మనుషులు, లైట్లతో అయితే తొమ్మిది అన్యాయమేమీ కాదు, అడిగితే ఎనిమిదికి ఒప్పుకోవచ్చు. మూడు ఇళ్ళు పంచుకుంటే ఇంటికి మూడు వేలు. మీ బావగారికి ఆ లెక్క చెప్పండి.

నిజంగా కుదరకపోతే, లేదా మంచి మనిషి దొరక్కపోతే, తమ్ముడి ఫోన్‌తోనే ఇలా తీయండి. పక్కింటి కుర్రాడిని పిలిచి ఫోన్ అతనికివ్వండి, తమ్ముడు దిగాలి. భోగి పొద్దున్న వద్దు, పొగ, హడావుడి. సంక్రాంతి నాడు పెద్దలకి పెట్టుకునే పనిలో అందరూ ఉంటారు. కనుమ నాడు సాయంత్రం నాలుగింటికి పెట్టుకోండి, జనవరిలో మనకి ఐదున్నర దాటగానే పొద్దు గూకుతుంది. ఎండలో నిలబెట్టకండి, ఇంటి నీడ పడే వైపు, మొహాలు తెరిపి ఆకాశం వైపు ఉండేట్టు. చెట్టు కింద వద్దు, ఆకుల సందుల్లోంచి మొహాల మీద మచ్చలు పడతాయి. లెన్స్ మెత్తటి గుడ్డతో తుడవండి, పిండివంటల చేతులతో పట్టుకుంటారు కాబట్టి. ఫోన్‌ని స్టూలు మీద ఆనించండి. ఇరవై తీయించండి. ఆ వారంలోనే ప్రింటుకివ్వండి, వారం దాటితే ఇవ్వరు, ఎన్ని ఇళ్ళలో చూశానో.

స్టూడియో మనిషే వచ్చినా, మీ కుర్రాడే తీసినా, గ్రూప్ అవగానే అందరూ ఒక్కసారి లేచి టిఫిన్ల వైపు వెళ్ళిపోతారు. నానమ్మగారిని మాత్రం అప్పుడే లేపకండి. ఆ వెలుతురు అలాగే ఉంటుంది, ఆవిడ నవ్వు ఇంకా పూర్తిగా పోయుండదు. కుర్చీలో ఆవిడని ఒక్కదాన్నే, నడుము పైనుంచి, దగ్గరగా ఒకటి తీయమని చెప్పండి. తర్వాత పీట తీసేసి, చెయ్యి పట్టుకుని లేపండి.